పోతపాల సీసాలో ఏ ఊరి నీళ్ళు?

డబ్బా మీద రాసినట్టు ముప్పై మిల్లీలీటర్ల నీళ్ళకు ఒక చెంచా పొడి కలిపితే, తయారైన వంద మిల్లీలీటర్ల పాలలో సుమారు తొంభై మిల్లీలీటర్లు నీళ్ళే. మిగిలింది పదమూడు, పద్నాలుగు గ్రాముల పొడి. పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచే సీసా పట్టాలా వద్దా అన్న వాదన ఎప్పుడు లేచినా ఆ పొడి చుట్టూనో, తల్లి మనసు చుట్టూనో తిరుగుతుంది. తల్లిపాలు అమృతమని ఒకరంటారు. మా పిల్లలంతా డబ్బా పాలతోనే పెరిగారు, వాళ్ళకేమైంది అని ఇంకొకరంటారు. ఆ తొంభై వంతుల సంగతి ఎవరూ ఎత్తరు. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ముందుగా ఎత్తాల్సింది అదే. పెన్న కాలవ కింద ఊళ్ళో ఒక రకం నీళ్ళు, సముద్రం ఒడ్డున రొయ్యల గుంటల పక్క ఊళ్ళో ఒక రకం, కనిగిరి, పామూరు వైపు బోర్లలో మరో రకం. డబ్బా మాత్రం అన్నిచోట్లా ఒకటే.

పోతపాలు అన్న మాట పాతదే. కాన్పులో తల్లి పోయిన బిడ్డకో, తల్లికి పాలు పడని బిడ్డకో ఆవుపాలో మేకపాలో కాచి ఉగ్గుగిన్నెతో పోసి పెంచేవాళ్ళు. వేరే దారి లేక చేసే పని అది. గేదెపాల నుంచి పసిపిల్లల పాలపొడి తయారుచేసే పద్ధతిని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించింది. 1960 ప్రాంతంలో అమూల్ దాన్ని డబ్బాల్లోకి ఎక్కించాక, దారి లేనివాళ్ళతో పాటు స్తోమత ఉన్నవాళ్ళకూ పోతపాలు అలవాటయ్యాయి. కొన్నాళ్ళు డబ్బా పాలు గొప్పింటి గుర్తుగా కూడా చెలామణి అయ్యాయి. బొద్దుగా ఉన్న పిల్లవాణ్ణి డబ్బా పాల కంపెనీ పేరుతో గ్లాక్సో బేబీ అని ముద్దుచేయడం ఆ రోజుల మిగులే.

పుట్టినప్పటి నుంచీ సీసాయే అని ముందే తీర్మానించుకునే తల్లులు ఇక్కడ లేకపోలేదు. మొదటి కాన్పులో చనుమొనలు చిట్లి, రొమ్ములో గడ్డ కట్టి, చీము పట్టి నరకం చూసిన ఆమె రెండో కాన్పుకు ముందే వద్దనుకోవచ్చు. మూర్ఛకో మనసు జబ్బుకో మందులు వాడుతున్న ఆమె, ఆ మందు పాలలోకి దిగుతుందన్న భయంతో వద్దనుకోవచ్చు. ఈ భయం చాలా మందుల విషయంలో నిజం కాదు, డాక్టరును అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. బెంగళూరులో ఉద్యోగం ఉన్న ఆమె, బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి మూడో నెలలో బండెక్కక తప్పదని లెక్క వేసుకుని ఉండవచ్చు. ఏ కారణమూ చెప్పకుండా, నా ఒళ్ళు నా ఇష్టం అని కూడా అనుకోవచ్చు. ఇవన్నీ ఆలోచించి తీసుకున్న నిర్ణయాలు. వాటిని తప్పుపట్టే హక్కు వరండాలో కూర్చున్న చుట్టాలకు లేదు.

కానీ ఎక్కువ ఇళ్ళలో సీసా నిర్ణయంగా రాదు, దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు ఆపరేషన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దేశం మొత్తం మీద అది 21.5 శాతమే. నెల్లూరు పొగతోట ఆస్పత్రిలోనో ఒంగోలులోనో ఆపరేషన్ గది నుంచి బయటికి వచ్చిన పచ్చి బాలింత మత్తులో, కుట్ల నొప్పిలో ఉంటుంది. పక్కకు తిరగలేదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాడు. "పాలు రావడంలా" అంటుంది వాళ్ళమ్మ. "బిడ్డ పట్టడంలా" అంటుంది రాత్రి డ్యూటీ నర్సు. బిడ్డ తండ్రి కిందికి దిగి మందుల షాపులో డబ్బా, సీసా తెస్తాడు. తెల్లారేసరికి ఆ ఇంటి తీర్మానం అయిపోయి ఉంటుంది. దాన్ని తల్లి చేసిందని తర్వాత అందరూ అంటారు.

ఆ రాత్రి జరిగిందేమిటో చూస్తే, పాలు రాకపోవడం అక్కడ లోపమే కాదు. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. పచ్చగా, చిక్కగా, చెంచాల లెక్కన వస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డకు అవే చాలు. పాలు నిండుగా దిగేది మూడో రోజు ప్రాంతంలో, ఆపరేషన్ అయితే ఇంకొంచెం ఆలస్యంగా. ఈలోగా బిడ్డ బరువు నూటికి ఏడు నుంచి పది వంతుల దాకా తగ్గినా, రెండు వారాల్లోపు మళ్ళీ పుట్టిన బరువుకు చేరుకుంటుంది. పెన్న ఇసుకలో చెలమ తోడినవాళ్ళకు మిగతాది చెప్పనక్కర్లేదు. తోడేకొద్దీ నీరు ఊరుతుంది, తోడకపోతే ఇసుక పూడుకుపోతుంది. సీసా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము లాగడు. లాగకపోతే పాలు ఊరవు. నాలుగో రోజున "చూశావా, నీకు పాలు లేవు" అన్న మాట నిజమై కూర్చుంటుంది. తల్లి నిజంగా సీసాను ఎంచుకుంటే అది వేరు. ఇలా చేతికి వచ్చిన సీసాను ఎంపిక అనడం మాటను అరగదీయడమే.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం కూడా ఇందులో పెద్ద సంగతి. పథ్యం ఏమిటో, బిడ్డకు ఏం పట్టాలో చెప్పేది అమ్మమ్మ. ఆమె తన పిల్లల్ని పెంచింది గ్లాక్సో, అమూల్ స్ప్రే రోజుల్లో. ముర్రుపాలు పిండి పారబోయడం, తేనె నాకించడం, చక్కెరనీళ్ళు పట్టడం, వీధిలో తిరిగే గాడిదపాలు ఒక ఉగ్గు పోయించడం ఆమె చూసినవే. వీటిలో తేనె ఏడాదిలోపు బిడ్డకు అసలు పనికిరాదు. అందులో ఉండగలిగే ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టిస్తుంది. అమ్మమ్మను తప్పించి ఆస్పత్రిలో తల్లికి మాత్రమే చెప్పే పాఠం ఇంటికి చేరదు.

ఇక సీసా వల్ల బిడ్డ ఏం పోగొట్టుకుంటాడన్న ప్రశ్న. రోగాన్ని ఎదిరించే కణాలు, ప్రతిరక్షకాలు తల్లిపాలలో ఉంటాయి, పొడిలో ఉండవు. దాని ఫలితం ఎంత అన్నదానికి బెలారస్ దేశంలో 1990లలో మొదలైన అధ్యయనం మంచి కొలత. పదిహేడు వేల మంది తల్లీబిడ్డలను తీసుకుని, కొన్ని ఆస్పత్రుల్లో తల్లిపాలను గట్టిగా ప్రోత్సహించారు, మిగతా చోట్ల ఎప్పటిలా వదిలేశారు. మొదటి ఏడాదిలో ఒక్కసారైనా విరేచనాల జబ్బు చేసిన పిల్లలు మొదటి చోట 9.1 శాతం, రెండో చోట 13.2 శాతం. శ్వాసకోశ జబ్బుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే కొళాయి తిప్పితే మంచినీళ్ళు వచ్చే దేశంలో తేడా ఉంది గానీ, భయపడి పారిపోయేంత లేదు. అదే ప్రపంచం మొత్తానికి లెక్క కట్టినప్పుడు, తల్లిపాలు దాదాపు అందరు బిడ్డలకూ అందితే ఏటా 8,23,000 మంది పసిపిల్లల చావులు తప్పుతాయని 2016లో లాన్సెట్ పత్రిక వ్యాసాలు అంచనా వేశాయి. వాటిలో అత్యధికం పేద, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే. ఈ రెండు లెక్కల మధ్య పొడి పెద్దగా మారలేదు. మారింది నీళ్ళు, చేతులు, సీసా కడిగే తీరు. డబ్బా పాలు విషం అనేవాళ్ళూ, ఏమీ కాదు అనేవాళ్ళూ ఇద్దరూ దాటేసేది ఇక్కడే.

నీళ్ళలో క్రిములొక్కటే ఉంటే మరిగిస్తే తీరిపోయేది. ఉమ్మడి ప్రకాశం పడమటి వైపు చిక్కు అది కాదు. కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం వైపు ఊళ్ళలో ఫ్లోరైడ్ అంటే అందరికీ తెలుసు. గార పట్టిన పళ్ళు, వంగిన కాళ్ళు, పట్టేసిన నడుములు అక్కడ తరాలుగా చూస్తున్నవే. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపూ అదే బాధ. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీళ్ళు దొరక్కపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. బాగా మరిగించాం కదా అన్న ధైర్యం ఇక్కడ తలకిందులవుతుంది.

ఒక బోరులో లీటరుకు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. ఐదు కిలోల బిడ్డ రోజుకు 750 మిల్లీలీటర్ల దాకా పాలు తాగుతాడు. అందులో నీళ్ళు దాదాపు 675 మిల్లీలీటర్లు. అంటే రోజుకు రెండు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. ఆరు నెలల్లోపు బిడ్డకు రోజుకు 0.7 మిల్లీగ్రాము దాటకూడదన్నది అమెరికా పోషకాహార నిపుణులు పెట్టిన హద్దు. తల్లిపాలలో ఉండేది లీటరుకు మిల్లీగ్రాములో నూరో వంతు. తల్లి అదే బోరు నీళ్ళు తాగుతున్నా ఆమె ఒళ్ళు ఫ్లోరైడ్‌ను పాలలోకి దాదాపుగా వదలదు. ఇంతకంటే మంచి ఫిల్టరు ఆ ఊళ్ళో ఎవరి ఇంట్లోనూ ఉండదు. పైగా తర్వాత వచ్చే శాశ్వత ముందుపళ్ళు చిగురు లోపల గట్టిపడడం మొదలయ్యేది మూడు, నాలుగో నెలలోనే. సీసా పాలు కడుపారా తాగే రోజులూ అవే.

తూర్పున ఒడ్డు వెంబడి కథ వేరు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, కోట, వాకాడు వైపు రొయ్యల గుంటలు పెరిగాక బోరు నీళ్ళలో ఉప్పదనం పెరిగిందని ఊరివాళ్ళే చెబుతారు. పాలపొడిలో బిడ్డకు సరిపోయే ఉప్పు ముందే కలిపి ఉంటుంది. నీళ్ళలో ఉన్న ఉప్పు దానికి అదనం. పసిమూత్రపిండాలు దాన్ని బయటికి తోయలేవు. ఎరువులు ఎక్కువ వేసే పొలాల మధ్య లోతు లేని బావుల్లో నైట్రేటు భయం ఉంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు సీసాలో పోస్తే చిన్న బిడ్డ రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్ళు నీలంగా మారవచ్చు. ఇది కూడా మరిగిస్తే పోయేది కాదు.

అందుకే ఈ రెండు జిల్లాల్లో పోతపాలకు బోరు నీళ్ళు వద్దనే చెప్పాలి. ఊళ్ళో ప్లాంటు నుంచి తెచ్చుకునే ఇరవై లీటర్ల క్యాను నీళ్ళలో, ఆ ప్లాంటు సక్రమంగా నడుస్తుంటే, ఫ్లోరైడ్, ఉప్పు, నైట్రేటు మూడూ చాలావరకు పోయి ఉంటాయి. కానీ క్రిముల విషయంలో వాటిని నమ్మకూడదు. క్యాను కడిగేదెవరో, ఎండలో ఎన్నాళ్ళు నిలబడిందో, గ్లాసు ఎవరు ముంచారో తెలియదు. క్యాను నీళ్ళనే మరిగించాలి. ఉప్పును ప్లాంటు తీస్తుంది, క్రిమిని మంట చంపుతుంది. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

మంట దగ్గరే ఇంకో పేచీ ఉంది. పాలపొడి క్రిములు లేని వస్తువు కాదు. మూత తీయని డబ్బాలో కూడా క్రోనోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అరుదే, కానీ నెల నిండని బిడ్డలో అది మెదడు పొరల వాపు తెస్తే బతకడం కష్టం. 2022లో అమెరికాలో ఒక పెద్ద పాలపొడి కర్మాగారం మూతపడి, దేశమంతా డబ్బాలకు కరువు వచ్చింది ఈ క్రిమి అనుమానంతోనే. అందుకే నీళ్ళు మరిగించి, 70 డిగ్రీల కంటే చల్లారకముందే పొడి కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. లీటరు నీళ్ళు మరిగించి మూతపెడితే అరగంట దాకా ఆ వేడి నిలుస్తుంది, తక్కువ నీళ్ళయితే ఇంకా ముందే కలపాలి. కొన్ని డబ్బాల మీద మాత్రం గోరువెచ్చని నీళ్ళలో కలపమని ఉంటుంది. ఈ రెండిట్లో మొదటి రెండు నెలల బిడ్డకు, ముఖ్యంగా నెల తక్కువ బిడ్డకు, వేడినీళ్ళ మాటే వినాలి. కలిపాక సీసాను చన్నీళ్ళ గిన్నెలో నిలబెట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి.

కొలతలో మన చేతివాటం చెప్పుకోదగ్గది. కాఫీలో పంచదార వేసినట్టు చెంచా మీద గోపురం కట్టి వేసేవాళ్ళున్నారు, బిడ్డ బలంగా ఉంటాడని. డబ్బా అయిపోతోందని అదే చెంచాకు రెట్టింపు నీళ్ళు పోసేవాళ్ళూ ఉన్నారు. మొదటిదానికి బిడ్డ ఒంట్లో నీరు తగ్గి, మలం గట్టిపడి ఏడుస్తాడు. రెండోదానికి కడుపు నిండినట్టే ఉండి నెల తిరిగేసరికి ఎముకలు తేలతాయి. చెంచాను కత్తి వీపుతో సమం చేయాలి, ముందు నీళ్ళు పోసి తర్వాత పొడి వేయాలి, ఒక కంపెనీ చెంచా ఇంకో కంపెనీ డబ్బాలో వాడకూడదు. మొదటి రోజు బిడ్డకు కిలోకు అరవై మిల్లీలీటర్లు చాలు, వారం తిరిగేసరికి 150 దాకా పెరుగుతుంది. మూడు కిలోల బిడ్డ వారం తిరిగాక రోజుకు 450 మిల్లీలీటర్లు, ఎనిమిది సార్లయితే సారికి యాభై ఐదు, అరవై తాగుతాడు. ఇది ఉజ్జాయింపు మాత్రమే. నోరు తిప్పి వెతకడం, పిడికిలి చప్పరించడం ఆకలి గుర్తులు. తల పక్కకు తిప్పేస్తే ఇంక చాలని. సీసాలో మిగిలింది కదా అని బుగ్గలు నొక్కి తాగించడం సీసా పట్టేవాళ్ళందరికీ ఉండే దురలవాటు.

కలిపిన పాలు రెండు గంటల్లో తాగకపోతే పారబోయాలి. బిడ్డ మూతి పెట్టి వదిలేసినవి మళ్ళీ పట్టకూడదు. రోహిణి కార్తెలో నెల్లూరు మధ్యాహ్నాలకు రెండు గంటలు కూడా ఎక్కువే. అర్ధరాత్రి లేచి నీళ్ళు కాచే ఓపిక లేక సాయంత్రమే నాలుగు సీసాలు కలిపి ఉంచుకునే ఇళ్ళు ఉన్నాయి. నడిచే ఫ్రిజ్ వెనక అరలో పెడితే ఒక రోజు ఆగుతాయి గానీ, కరెంటు పోయి వచ్చే ఊళ్ళో ఆ లెక్క చెల్లదు. ప్లాస్కులో మరిగే నీళ్ళు, పొడి డబ్బా, ఉడికించిన సీసాలు పక్కన పెట్టుకుని ఎప్పటికప్పుడు కలపడమే దారి. చెన్నైకి పినాకిని రైల్లో పోయేటప్పుడూ అంతే.

సీసాయే ఎందుకు అన్న ప్రశ్న మాత్రం మన ఇళ్ళలో ఎవరూ అడగరు. పోతపాలకు సీసా తప్పనిసరి కాదు. పాలపీక లోపలి సందుల్లో, మూత మరల్లో పాలు పట్టుకుని క్రిములు పెరుగుతాయి. విడదీసి, బ్రష్షుతో తోమి, నీళ్ళలో పూర్తిగా మునిగేట్టు పది నిమిషాలు ఉడికించాలి. ఉగ్గుగిన్నెకు సందులు లేవు. సబ్బుతో కడిగి మరిగే నీళ్ళలో వేసి తీస్తే చాలు. నెల తక్కువ బిడ్డల వార్డుల్లో నర్సులు పాలాడతో పోయడానికి ఇదీ ఒక కారణమే, అది ఉగ్గుగిన్నెకు తోబుట్టువు. బారసాలకు మేనమామ పెట్టిన వెండి ఉగ్గుగిన్నె బీరువాలో పడి ఉంటుంది, బిడ్డ నోట్లో మాత్రం ప్లాస్టిక్ పీక. ఉగ్గుగిన్నెతో పోయడానికి సీసాకంటే ఎక్కువసేపు పడుతుంది, ఓపిక కావాలి, బిడ్డను నిటారుగా ఒళ్ళో కూర్చోబెట్టాలి. మొదటి నెలైనా అలా నడపగలిగితే గండం సగం గడిచినట్టే.

డబ్బు సంగతి సూటిగా చెప్పుకోవాలి. ఐదు కిలోల బిడ్డకు రోజుకు ఇరవై ఐదు చెంచాలు, అంటే 110 గ్రాముల పైన పొడి. 400 గ్రాముల డబ్బా మూడున్నర రోజులు. నెలకు ఎనిమిది, తొమ్మిది డబ్బాలు. కంపెనీని బట్టి డబ్బా నాలుగైదు వందల నుంచి తొమ్మిది వందల పైదాకా ఉంది. చవకదే వాడినా నెలకు నాలుగు వేలు. ఉపాధి హామీలో మన రాష్ట్రానికి 2025-26లో రోజు కూలి 307 రూపాయలు, కాబట్టి అది పదమూడు రోజుల పని. మొదటి కాన్పుకు కేంద్రం మాతృవందన కింద ఇచ్చే ఐదు వేలు నెలన్నరకు సరిపోవు. క్యాను నీళ్ళు, గ్యాసు దీని మీద. డబ్బా ఖరీదు మోయలేని ఇంట్లోనే నాలుగో నెలలో నీళ్ళు ఎక్కువ కలపడమో, గేదెపాలకు మారడమో మొదలవుతుంది. గేదెపాలలో మాంసకృత్తులు తల్లిపాలకు మూడు నాలుగు రెట్లు, ఇనుము దాదాపు లేనట్టే. నీళ్ళు కలిపితే మాంసకృత్తులతో పాటు బలం కూడా పలచబడుతుంది. ఏడాది నిండే దాకా గేదెపాలు, ఆవుపాలు ముఖ్యాహారంగా పనికిరావు, పాడి ఇంట్లోనే ఉన్నా సరే.

పాలివ్వని తల్లి ఒంటి గురించి ఇంట్లో మాట్లాడేవాళ్ళు తక్కువ. సీసా అనుకున్నంత మాత్రాన పాలు రాకుండా ఆగవు. మూడో రోజు చేపుకొచ్చి రొమ్ములు రాళ్ళలా బిగుస్తాయి, జ్వరం తగులుతుంది. పిండేస్తే మళ్ళీ ఊరుతాయి. తట్టుకోలేనంత బిగువుంటే కొంచెం మాత్రం పిండి, ఒంటికి సరిపోయి ఆసరా ఇచ్చే లోదుస్తులు, చల్లని గుడ్డ, నొప్పి మాత్రతో వారం పది రోజులు ఓర్చుకోవాలి. మల్లెపూలు కట్టడం మన వైపు పాత చిట్కా. నవ్వి కొట్టేయనక్కర్లేదు. పాలు ఆపే మందుతో పోల్చి చూస్తే మల్లెలు కూడా పనిచేశాయని 1988లో ఒక వైద్య పత్రికలో పరిశోధన వచ్చింది. పాలు ఎండే మాత్రలు మాత్రం కాన్పులో బీపీ పెరిగినవాళ్ళకు ప్రమాదం, షాపులో అడిగి కొనుక్కునేవి కావు. ఇంకో సంగతి, పాలివ్వని తల్లికి నెల తిరక్కముందే అండం విడుదల కావచ్చు. బహిష్టు రాలేదు కదా అని ఊరుకుంటే ఏడాది తిరక్కుండా మళ్ళీ కడుపు. సీసా ఎంచుకున్న ఆమెకు కుటుంబ నియంత్రణ మాట ఆస్పత్రి గడప దాటకముందే చెప్పాలి.

తల్లిపాలు నిజంగా పట్టకూడని సందర్భాలు చాలా కొద్ది. పాలలోని చక్కెరను ఒళ్ళు అరిగించుకోలేని గెలాక్టోసీమియా అనే పుట్టుజబ్బు ఒకటి. తల్లి క్యాన్సరు మందులు వాడుతుండడం, రేడియో అయోడిన్ తీసుకోవడం లాంటివి కొన్ని. ఆపరేషన్, షుగరు, జలుబు, కామెర్ల బిడ్డ, పుట్టగానే టీకా వేయించిన హెపటైటిస్-బి ఇవేవీ ఆ జాబితాలోవి కావు. హెచ్‌ఐవీ విషయంలో కూడా తల్లి మందులు వాడుతూ ఆరు నెలలు తన పాలు మాత్రమే ఇవ్వడమే మన దేశంలో మొదటి సలహా. పోతపాలు ఎంచుకుంటే అవి మాత్రమే పట్టాలి, రెండూ కలపకూడదు. ఆ సందర్భంలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు ప్రశ్నలు పెట్టింది. ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటారా, చేయడానికి వీలుందా, కొనగలరా, నెలల తరబడి సాగించగలరా, నీళ్ళూ శుభ్రతా నమ్మదగ్గవేనా? హెచ్‌ఐవీతో సంబంధం లేని ఇంట్లోనూ ఈ ఐదింటికీ జవాబు దొరికాకే సీసా కొనాలి.

చట్టం సంగతి కొంత విచిత్రంగా ఉంటుంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ పాలపొడి అమ్మకాలకు నియమావళి చేసింది. దాన్ని పట్టుకుని మన దేశం 1992లో చట్టం తెచ్చి, 2003లో బిగించింది. రెండేళ్ళలోపు పిల్లల పాలపొడికి, సీసాలకు, ఆహారానికి ప్రకటనలు ఉండకూడదు, ఉచిత శాంపిళ్ళు పంచకూడదు, డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ వేయకూడదు, డాక్టర్లకు కానుకలు ఇవ్వకూడదు. కంపెనీల నోరు కట్టడం అవసరమే, ఇంకా గట్టిగా కట్టినా తప్పులేదు. అయితే తల్లి పాలపొడి కొనడం నేరమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఆస్పత్రుల్లో మాత్రం దాని పేరెత్తితే తప్పన్నట్టు ఉంటారు. గోడ మీద తల్లిపాల వారోత్సవాల బొమ్మ ఉంటుంది, కింద షాపులో డబ్బా ఉంటుంది, చెంచా సమం చేయాలని చెప్పే మనిషి మధ్యలో ఎక్కడా ఉండదు. సీసా నిర్ణయించుకున్న తల్లిని విడిగా కూర్చోబెట్టి కలిపే పద్ధతి నేర్పాలని ఆస్పత్రుల కోసం రాసిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. అది జరగని చోట ఆమె గురువు షాపులో కుర్రాడే.

మొదటి మూడు రోజులు ముర్రుపాలు మాత్రం ఇచ్చి తర్వాత సీసాకు మారే తల్లులున్నారు. అన్నీ లేక ఏమీ లేదు అన్న పట్టుదల కంటే ఇది మెరుగైన బేరం, అడిగినవాళ్ళకు ఈ దారి కూడా చెప్పాలి. ఆ మూడు రోజుల్లో మనసు మారితే వెనక్కి రావడానికి దారి తెరిచి ఉంటుంది. మూడు నెలలు ఎండిన రొమ్ములో మళ్ళీ పాలు రప్పించడం సాధ్యమే గానీ, రోజుకు ఎనిమిది పదిసార్లు బిడ్డను పట్టించే పట్టు, తోడుండే మనిషి కావాలి.

ఏడో నెలలో సీమంతం చేసుకుని పుట్టింటికి వచ్చిన అమ్మాయి సీసా గురించి ఆలోచిస్తుంటే, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు ఒక లీటరు నీళ్ళు పంపడానికి అదే సమయం. ఫ్లోరైడ్, నైట్రేటు, ఉప్పదనం మూడూ చూడమని అడగాలి. అయితే ఒక్క సీసా నమూనా చాలదు. బిడ్డ మొదటి మూడు, ఐదు నెలలు తాగేది పుట్టింటి నీళ్ళు, ఆ తర్వాత తాగేది అత్తింటి నీళ్ళు. పుట్టిల్లు కోవూరులో కాలవ పక్కన, అత్తిల్లు పామూరు దగ్గర బోరు ఊళ్ళో అయితే, అదే డబ్బా, అదే చెంచా, అదే చెయ్యి ఉన్నా బిడ్డ నోట్లోకి పోయే పాలు మారిపోతాయి. ల్యాబుకు వెళ్ళాల్సింది రెండు నమూనాలు, ఒక్కోదాని మీద ఊరి పేరు రాసి.